హద్దురాయికీ ఆకాశానికీ చుట్టరికం

ఫోన్లో నీలం చుక్క మీద మనకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. పక్కింటావిడ దారి చెబితే "నిజమేనంటారా?" అని మరో ఇద్దర్ని అడుగుతాం. ఆ చుక్క చెబితే మాత్రం మారు మాట్లాడం. సుచిత్ర చౌరస్తాలో నిలబడి ఆటో అబ్బాయికి లొకేషన్ పంపిస్తాం. ట్యూషన్ నుంచి వచ్చే అమ్మాయి ఎక్కడిదాకా వచ్చిందో వంటింట్లోంచే చూసుకుంటాం. ఒక్కోసారి ఆ చుక్క రోడ్డుకి అవతలి పక్క కనబడుతుంది. "నెట్ బాలేదు" అనేసుకుని ఊరుకుంటాం.

నిజానికి ఆ చుక్కని ఎక్కడ పెట్టాలో ఫోనుకి ముఖ్యంగా చెప్పేది నెట్ కాదు, 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు. "నేనిక్కడున్నాను, ఇప్పుడు టైమింత" అని అవి ఎడతెగకుండా చెబుతూనే ఉంటాయి. ఆ మాట తనదాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చూసుకుని ఫోను దూరం లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనం ఎక్కడున్నామో తేలిపోతుంది. లెక్క చాలా సున్నితం సుమండీ! ఒక సెకనుని పది కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్క తేడా వచ్చినా మూడు మీటర్లు తప్పినట్టే.

ఆ మాట వచ్చే దారిలో ఒక అడ్డంకి ఉంది. దాని పేరు ఐనో ఆవరణం. భూమికి సుమారు 60 కిలోమీటర్ల నుంచి వెయ్యి కిలోమీటర్ల ఎత్తు వరకూ పరుచుకుని ఉంటుంది. అక్కడి పల్చటి గాలిలోంచి సూర్యకిరణాలు ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి. మా తాతగారు రాత్రిళ్ళు షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ పట్టుకుని, గరగరల మధ్యనే పాటలు వినేవారు. సముద్రం దాటి ఆ పాట మన పెరట్లోకి వచ్చిందంటే, ఈ పొర అద్దంలా దాన్ని కిందికి తిప్పి పంపబట్టే. ఆనాడు అంత మేలు చేసిన పొరే ఈనాడు ఉపగ్రహం మాటని ఆలస్యం చేస్తోంది. ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే అంత ఆలస్యం. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏడాది, మధ్యాహ్నం వేళ, ఈ ఒక్క కారణానే లెక్క 15 మీటర్లు దాటి కూడా తప్పవచ్చు. ముప్ఫై అడుగుల వెడల్పున్న మన 200 గజాల ప్లాటు ఆ తప్పులో పూర్తిగా మునిగిపోతుంది!

అందుకనే జీపీఎస్ ఉపగ్రహాలు తమ మాటతో పాటు ఎనిమిది అంకెలు కూడా పంపుతాయి. వాటితో పొర మందాన్ని ఫోను అంచనా వేసుకుని, తప్పులో సుమారు సగం దిద్దుకుంటుంది. మిగతా సగం మాటేమిటి? అక్కడే మన ప్రాంతానికి చిక్కొచ్చిపడింది.

భూమికి మామూలు మధ్యరేఖతో పాటు అయస్కాంత మధ్యరేఖ కూడా ఉంది. మన దేశంలో అది దక్షిణపు కొసన పోతుంది. 1963 నవంబరు 21న తొలి రాకెట్‌ని కేరళలోని తుంబా నుంచే ఎందుకు వదిలారంటే, ఆ రేఖ అక్కడికి దగ్గర కాబట్టే. పగటిపూట ఆ రేఖ మీద ఎలక్ట్రాన్లు ఫౌంటెన్‌లో నీళ్ళలా పైకి లేచి, ఉత్తరానికీ దక్షిణానికీ దూరంగా వెళ్ళి పడతాయి. ఉత్తరాన పడేది అహ్మదాబాద్, భోపాల్, కలకత్తా వరస మీద. అంటే అక్కడ పొర మరీ చిక్కన. ఫౌంటెన్ మొదలుకీ అది పడే చోటుకీ నడుమ ఉన్నది మన తెలుగు నేల. ఇక్కడ ఒక ఊరికీ ఇంకో ఊరికీ, ఒక గంటకీ ఇంకో గంటకీ పొర మందం మారిపోతూ ఉంటుంది. అమెరికాకి, యూరప్‌కి సరిపోయే అంచనా మనకి సరిపోకపోవడంలో వింతేముంది?

ఇక సాయంత్రం కథ వేరు. పొద్దుగూకగానే పొర కిందిభాగం త్వరగా పల్చబడిపోతుంది. పైన మాత్రం చిక్కగానే ఉంటుంది. గిన్నెలో నూనె మీద నీళ్ళు పోసి చూడండి. నూనె బుడగలు బుడగలుగా పైకి తన్నుకొస్తుంది కదా! సరిగ్గా అలాగే కింది పల్చటి భాగం బుడగలై, వందల కిలోమీటర్ల ఎత్తుకి లేచి తూర్పుకి కదులుతుంది. ఆ బుడగల్లోంచి వచ్చిన సంకేతం నక్షత్రం మినుకుమన్నట్టు మినుకుమంటుంది. కొన్ని ఉపగ్రహాల మాట మధ్యలోనే తెగిపోతుంది. రాత్రి ఏడున్నర, ఎనిమిది మొదలు అర్ధరాత్రి దాకా, మన దగ్గర ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ బెడద ఎక్కువ. సూర్యుడు చురుగ్గా ఉండే ఏళ్ళలో మరీను.

"ఇదంతా మనకెందుకమ్మా" అంటారా? మా వదినకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ప్లాటొకటి శామీర్‌పేట వైపు ఉంది. పక్క ప్లాటాయన తెల్లారి కడీలు పాతిస్తానన్నాడు. 2025లో ఉగాదికి ముందు వారం, హడావుడిగా ఒక ప్రైవేటు సర్వేయరుని పిలిపించాం. ఆయన వచ్చేసరికే సాయంత్రం ఐదు దాటింది. కర్రకి చిన్న డబ్బా బిగించినట్టుండే రోవరుతో రెండు మూలలు చకచకా పెట్టేశాడు. టీలు తాగి, పక్కాయనతో వాదనలు నడిచి, మూడో మూలకి వచ్చేసరికి చీకటి పడింది. టార్చి వెలుతుర్లో ఆ యంత్రం ఎంతసేపటికీ స్థిరపడదే! "ఫిక్స్ రావట్లేదమ్మా, ఫ్లోట్‌లోనే ఉంది, పొద్దున వస్తా" అన్నాడు. మా వదిన నా చెవిలో "అటువాళ్ళు ఏదో ముట్టజెప్పి ఉంటారు" అంది. పక్కాయనేమో "ఉన్నదాంతో గుర్తు పెట్టెయ్యవయ్యా" అని తొందర.

ఫిక్స్ అంటే రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో తేలిన లెక్క. ఫ్లోట్ అంటే ఇంకా ఊగుతున్న లెక్క, అర మీటరైనా తప్పవచ్చు. గజం ధర వేలల్లో పలికే చోట అర మీటరు వెడల్పు, అరవై అడుగుల పొడుగు... మీరే గుణించుకోండి. ఆ సర్వేయరు గుర్తు పెట్టనంటే పెట్టనన్నాడు. పొద్దున తొమ్మిదింటికొచ్చి పది నిమిషాల్లో ముగించాడు. ముందురోజు రాత్రి మా నెత్తిన బుడగే ఉందని నేను ప్రమాణం చెయ్యను గానీ, ఆ నెలా, ఆ వేళా మాత్రం సరిగ్గా దానివే. 2024 అక్టోబరులోనే అమెరికా శాస్త్రజ్ఞులు సూర్యుడు తన పదకొండేళ్ళ చక్రంలో ఉచ్ఛదశకి చేరాడని ప్రకటించి ఉన్నారు. అదే ఏడాది మే నెల సౌర తుఫానుకి అమెరికాలో విత్తనాలు వేస్తున్న రైతుల జీపీఎస్ ట్రాక్టర్లు గీత తప్పి, పని ఆపుకోవాల్సొచ్చింది.

ఈ బుడగల ఆనుపానులు పట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారని ఎంతమందికి తెలుసు? తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాంటెన్నాలతో పెద్ద రాడారుంది. రాత్రిపూట బుడగలు లేవడాన్ని అది కిందనుంచే బొమ్మ కట్టి చూపిస్తుంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు దేశమంతా పెట్టిన 18 కేంద్రాల కొలతలు తీసుకుని, పొర ఏ వేళ ఎక్కడ ఎలా మారుతోందో, సంకేతాలు ఎప్పుడు మినుకుమంటున్నాయో 2006లో వివరంగా ప్రచురించారు. మన ఉస్మానియాలోనూ దీనికోసమే పనిచేసిన విభాగం ఉంది.

ఆ కొలతలన్నీ ఊరికే పోలేదు. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన 'గగన్'కి అవి పునాది. దేశంలో 15 చోట్ల, తాము ఎక్కడున్నదీ కచ్చితంగా తెలిసిన కేంద్రాలు పొర చేసే తప్పుని లెక్కగడతాయి. ఆ దిద్దుబాటు ఉపగ్రహం ద్వారా విమానానికి అందుతుంది. 2015 ఏప్రిల్‌లో, దిగేటప్పుడు ఎత్తు విషయంలో కూడా దాన్ని వాడుకోవచ్చని ధ్రువపత్రం వచ్చింది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం ఒకటి ఆ సాయంతోనే దిగింది. దీంట్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆకాశం బాగాలేనప్పుడు గగన్ బుకాయించదు. "ఇప్పుడు నన్ను నమ్మొద్దు" అని కొద్ది సెకన్లలోనే పైలట్‌కి చెప్పేస్తుంది. మా సర్వేయరు చేసిందీ అదే కదా!

ఇంకో ఉపాయం రెండు తరంగాలు వాడటం. జాతరలోంచి ఇద్దరు పిల్లల్ని కొట్టుకి పంపారనుకోండి. బొద్దువాడు జనంలో ఎక్కువ ఇరుక్కుంటాడు, బక్కవాడు సందు చేసుకుని వచ్చేస్తాడు. ఇద్దరి రాకలో తేడా చూస్తే జాతరలో జనమెంతో తెలిసిపోతుంది. 2018 నుంచీ కొన్ని ఫోన్లు ఇలా రెండేసి తరంగాలు అందుకుంటున్నాయి. మన 'నావిక్' ఉపగ్రహాలైతే పొరకి అంతగా చిక్కని ఎస్ బ్యాండ్‌ని కూడా వాడతాయి. అయితే బుడగల్లో మాటే తెగిపోతే ఈ ఉపాయమూ అంతగా పనిచెయ్యదు.

అలాగని చుక్క తప్పినప్పుడల్లా ఆకాశాన్ని ఆడిపోసుకోనక్కర్లేదు. మన వీధుల్లో ఫోను తికమకపడటానికి చాలాసార్లు కారణం అపార్ట్‌మెంటు గోడలూ, ఫ్లైఓవర్ స్తంభాలూ. సంకేతం వాటికి తగిలి తిరిగొచ్చేసరికి దూరం ఎక్కువ కనిపిస్తుంది. క్యాబ్ పిలిచేటప్పుడు నాలుగడుగులు వేసి ఆకాశం కనబడే చోట నిలబడితే ఆ గొడవ చాలావరకూ తీరుతుంది.

ప్లాటు కొలతకి మాత్రం పొద్దున్నే రమ్మనండి. మార్చిలోనో, అక్టోబరులోనో అయితే చీకటి పడ్డాక అసలు ఒప్పుకోకండి. ప్రతి మూల దగ్గరా స్క్రీన్ మీద 'ఫిక్స్' అన్న మాట కళ్ళారా చూసి, టైము కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. మా వదిన దగ్గర నాలుగు మూలలవీ ఉన్నాయి.