పెంపకానికి వచ్చిన పసిబిడ్డ తీరు అర్థం కాకపోతే... ముందు పరీక్ష, ఆ పిదపనే నిర్ణయం

(ప్రత్యేక వ్యాసం)

శిశుగృహం నుండి ఒక కుటుంబానికి పెంపకం నిమిత్తం వచ్చిన ఏడాదిన్నర పసివాడిని ఊహించుకోవచ్చు. పడి దెబ్బ తగిలినా ఏడవడు. అన్నం ముద్దను బుగ్గన పెట్టుకుని అరగంటసేపు మింగడు, పాలు మాత్రం ఎన్ని ఇచ్చినా చాలనడు. ఇంటికి వచ్చిన ఎవరి చంక అయినా ఎక్కుతాడు గాని, పెంపుడు తల్లి ఎత్తుకుంటే కొయ్యబారిపోతాడు. పిలిస్తే తిరిగి చూడడు. గోడ సున్నం గీకి తింటాడు. అర్ధరాత్రి లేచి ఒళ్లంతా రక్కుకుంటూ తలను మంచం కోడుకు కొట్టుకుంటాడు. వైద్య నివేదికలో మాత్రం ఆరోగ్యం సాధారణమని ఉన్నది. మూడు వారాలు గడిచేసరికి ఇరుగుపొరుగు వారు దిష్టి అంటారు, బంధువులు ఏ రక్తమోనని గొణుగుతారు. రెండు నెలలు తిరగకముందే ఆ దంపతులు శిశుగృహానికి ఫోన్ చేసి, బిడ్డను తిరిగి అప్పగించే వీలున్నదా అని అడుగుతారు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఇటువంటి బిడ్డల విషయంలో సాధారణంగా కనిపించే లక్షణాలను ఒకచోట చేర్చిన చిత్రణ మాత్రమే. అయితే ఆ ఫోన్ కాల్ వరకు రాకముందే జరుగవలసిన పనులు కొన్ని ఉన్నవి. వాటిలో అనేకం జిల్లా స్థాయిలో అందుబాటులో ఉన్న ఏర్పాట్లతోనే జరిగే పనులు.

చట్టం ఏమి చెబుతున్నది

పెంపకం, దత్తత అనే మాటలను వాడుకలో ఒకే అర్థంలో ఉపయోగించుట కద్దు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఈ రెండింటిని వేరుగా చూస్తున్నది. ఫాస్టర్ కేర్‌గా వ్యవహరించే పెంపక సంరక్షణలో బిడ్డ బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మేరకు కొంతకాలం వేరొక కుటుంబంలో పెరుగుతాడు. దత్తతకు అర్హుడని సమితి భావించిన బిడ్డను దీర్ఘకాలిక పెంపక సంరక్షణకు ఇవ్వరాదని ఆ చట్టంలోని 44వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. కేంద్ర ప్రభుత్వం 2024లో సవరించిన నమూనా మార్గదర్శకాలు కూడా ప్రధానంగా ఆరేళ్లు దాటిన బాలబాలికలను ఉద్దేశించినవే. అందుచేత రెండేళ్ల లోపు బిడ్డ సంస్థ నుండి ఒక కొత్త ఇంటికి చేరేది ఎక్కువగా దత్తతకు ముందు జరిగే పెంపకం ద్వారానే. కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ, అనగా కారా, నిబంధనల ప్రకారం దంపతులు హామీ పత్రంపై సంతకం చేసి బిడ్డను ఇంటికి తీసుకువెళతారు. దత్తత ఉత్తర్వు ఆ తరువాత వస్తుంది. 2021 నాటి సవరణ 2022 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన మీదట ఈ ఉత్తర్వును న్యాయస్థానానికి బదులు జిల్లా మేజిస్ట్రేట్ జారీ చేస్తున్నారు. దరఖాస్తును రెండు నెలలలోగా పరిష్కరించవలసి ఉన్నది.

బిడ్డ ఇంటికి చేరిన నాటికీ, ఉత్తర్వు చేతికి వచ్చే నాటికీ మధ్య ఉన్న ఈ కాలమే మిక్కిలి సున్నితమైనది. బిడ్డకు అది కొత్త ఇల్లు. దంపతులకు అది ఎన్నో ఏళ్ల నిరీక్షణ ఫలం. వారు ఎదురుచూసిన బిడ్డ వేరు, వచ్చిన బిడ్డ వేరు అనిపించే రోజులు ఇవే.

ముందు శరీరాన్ని చూడవలె

కారణం తెలియని ప్రవర్తన కనిపించగానే దానిని మనసుకు, స్వభావానికి, పుట్టుకకు ముడిపెట్టుట మన ఇళ్లలో అలవాటు. పిల్లల వైద్యులు ఇందుకు భిన్నంగా మొదట శరీరాన్ని పరీక్షిస్తారు. పసిబిడ్డ తన నొప్పిని మాటలలో చెప్పలేడు, చేతలలో చూపుతాడు.

సున్నం, మట్టి, బలపం తినే అలవాటునే తీసుకుంటే, దాని వెనుక ఇనుము లోపం ఉండుట సర్వసాధారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నుండి 59 నెలల వయసు పిల్లలలో 67.1 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. కన్నవారి ఇళ్లలో పెరిగే పిల్లల పరిస్థితే ఇదైనప్పుడు, తల్లిపాలు కరవై, బరువు తక్కువగా పుట్టి, సంస్థకు చేరిన బిడ్డ సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. ఇనుము లోపించిన బిడ్డ చిరాకుగా ఉంటాడు, నిద్ర సరిగా పోడు. కొందరు కోపం వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోతారు. చూసేవారికి అది మొండితనమో, మూర్ఛో అనిపిస్తుంది. ఒక చిన్న రక్త పరీక్ష, వైద్యుడు సూచించిన మోతాదులో కొన్ని నెలల పాటు ఇనుము మందు ఈ లక్షణాలలో చెప్పుకోదగిన మార్పు తేగలవు.

రాత్రి రక్కుకునే బిడ్డకు గజ్జి ఉన్నదేమో చూడవలె. గజ్జి దురద రాత్రివేళ అధికమవుతుంది. కొత్త ఇంట్లో బెంగ అని ఇంటిల్లిపాది అనుకుంటున్నది ఒక్కొక్కప్పుడు వేళ్ల సందులలో ఉన్న చిన్న పొక్కుల వలన కావచ్చు. దీనికి బిడ్డతో పాటు ఇంట్లో అందరికీ ఒకేసారి మందు వాడితేనే ఫలితం ఉంటుంది. తల కొట్టుకోవడం ఆరోగ్యవంతులైన పసిపిల్లలలో సైతం కొందరికి ఉండేదే. అయితే చెవిలో చీము, నొప్పి లేవని నిర్ధారించుకున్న తరువాతనే దానిని అలవాటుగా భావించవలె. ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే అది పరధ్యానం కాక మూర్ఛ యొక్క ఒక రూపం కావచ్చు. మలబద్ధకం, మందకొడితనం, ఎదుగుదల లేకపోవడం కలిసి కనిపిస్తే థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి.

పిలిస్తే పలకని బిడ్డ విషయంలో వినికిడి పరీక్ష ముందుగా జరుగవలె. చెవి లోపల నీరు చేరిన బిడ్డకు ఒక వారం బాగా, మరొక వారం మందంగా వినిపించవచ్చు. దానిని చూసి, వింటూనే విననట్లు నటిస్తున్నాడని పెద్దలు అపోహపడతారు. ఇక్కడ మరొక సంగతి కూడా ఉన్నది. కారా పోర్టల్ దేశమంతటికీ ఒక్కటే అయినందున తెలుగు కుటుంబానికి మహారాష్ట్ర నుండో, ఒడిశా నుండో బిడ్డ రావచ్చు. ఆ బిడ్డ చెవిన పడిన భాష వేరు, పేరు వేరు. ముచ్చటపడి పెట్టిన కొత్త పేరుతో పిలిస్తే అతడు పలకకపోవడంలో వింత లేదు. పాత పేరును కొంతకాలం కొత్త పేరుతో కలిపి వాడడం, పాలు, నీళ్లు, అన్నం వంటి నాలుగైదు మాటలను బిడ్డ ఎరిగిన భాషలో తెలుసుకుని రావడం ఖర్చులేని పనులు. ఎందువలననో ఇవి ఎవరికీ తోచవు.

ఈ పరీక్షల కోసం ప్రతి కుటుంబమూ కార్పొరేట్ ఆసుపత్రిని ఆశ్రయించవలసిన పని లేదు. 2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ల వరకు పిల్లలలో పుట్టుక లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో జాప్యం గుర్తించే ఏర్పాటు ఉన్నది. అంగన్‌వాడీ కేంద్రాలలోని పిల్లలను సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు పరీక్షించవలసి ఉన్నది. అవసరమైన వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. పెంపకానికి వచ్చిన బిడ్డ పేరు సమీప అంగన్‌వాడీలో నమోదు అయితేనే ఈ వలయంలోకి వస్తాడు. బుద్ధిమాంద్యం ఉన్నదన్న అనుమానం కలిగినప్పుడు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సేవలు తెలుగు వారికి దగ్గరలోనే ఉన్నవి.

సంస్థలో గడిచిన కాలం మిగిల్చేది

శరీరంలో లోపమేదీ కనిపించనప్పుడు బిడ్డ గతం వైపు చూడవలె. ఒకే ఆయా పదిమందిని చూసే చోట పెరిగిన బిడ్డ, ఏడ్చినంత మాత్రాన ఎవరూ రారని త్వరలోనే గ్రహిస్తాడు. తరువాత ఏడవడం మానివేస్తాడు. కొత్తవారు దానిని మంచి బుద్ధి అని మెచ్చుకుంటారు. నిజానికి ఆందోళన కలిగించవలసిన లక్షణం అదే. అడిగిన వారందరి చంక ఎక్కడం కూడా చలాకీతనం కాదు. తనవారు ఎవరో ఇంకా తేల్చుకోలేకపోతున్నాడని దాని అర్థం కావచ్చు. పాల సీసాతోనే కాలం గడిచిన బిడ్డకు నమలడం ఎవరూ నేర్పి ఉండరు కనుక ముద్ద బుగ్గనే ఉండిపోతుంది.

ఈ విషయమై రుమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం లోకప్రసిద్ధం. చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే అమెరికా శాస్త్రవేత్తలు అనాథ శిశు సంస్థలలో ఉన్న 136 మంది పసివారిని ఎంపిక చేసి, చీటీల పద్ధతిలో సగం మందికి పెంపక కుటుంబాలను ఏర్పాటు చేశారు. ఆనాటికి వారి వయసు 6 నుండి 31 నెలలు. కుటుంబాలకు చేరినవారి బుద్ధి వికాసం, అనుబంధం సంస్థలలో మిగిలిన వారికంటె మెరుగయ్యాయి. రెండేళ్లు నిండకముందు చేరిన వారిలో ఆ మెరుగుదల ఎక్కువ. ఊగడం, చేతులు ఆడించడం వంటి అలవాట్లు తగ్గాయి. కాగా, పరాయి వారి వద్దకు జంకు లేకుండా వెళ్లిపోయే లక్షణం మాత్రం అంత సులువుగా పోలేదు. ప్రేమగా చూస్తే అన్నీ సర్దుకుంటాయని దంపతులకు హామీ ఇచ్చేవారు ఈ చివరి వాక్యాన్ని కూడా చెప్పడం న్యాయం.

బ్రిటన్ కుటుంబాలకు దత్తు వెళ్లిన రుమేనియా పిల్లలపై మైఖేల్ రట్టర్ బృందం 1999లో ప్రచురించిన పరిశీలన మరొక జాగ్రత్తను తెలుపుతున్నది. తీవ్రమైన నిరాదరణకు గురైన పిల్లలలో కొందరికి అచ్చం ఆటిజం వంటి లక్షణాలు కనిపించి, కాలక్రమంలో వారిలో కొంతమందికి అవి తగ్గుముఖం పట్టాయి. కావున, వచ్చిన రెండో నెలలోనే బిడ్డకు ఆటిజం ముద్ర వేయుట తొందరపాటు. అలాగని, పరీక్షను వాయిదా వేయుట అంతకంటె పెద్ద పొరపాటు. రోగ నిర్ధారణ పూర్తి కాకపోయినను మాటల శిక్షణ, ఆటల ద్వారా శిక్షణ మొదలుపెట్టవచ్చు.

కాగితంలో ఉండవలసినవి

బిడ్డ వైద్య నివేదికను, శిశు అధ్యయన నివేదికను అంగీకారానికి ముందు తమకు నమ్మకమైన వైద్యునికి చూపించుకునే హక్కు దంపతులకు ఉన్నది. పోర్టల్‌లో బిడ్డను ఖాయం చేసుకొనుటకు 48 గంటల గడువే ఉన్నప్పటికీ ఈ హక్కును వినియోగించుకొనుట మేలు. అయినను నివేదిక ఎంత సమగ్రమైనా అది ఒకనాటి పరీక్ష ఫలితమే. బిడ్డను రోజూ చూసిన ఆయాకు తెలిసిన సంగతులు అందులో ఉండవు. ఏ వైపు తిరిగి నిద్రపోతాడు, ఏ గుడ్డ పట్టుకుంటాడు, ఏ శబ్దానికి భయపడతాడు, ఎప్పుడైనా జ్వరంలో మూర్ఛ వచ్చిందా అన్నవి ఆమె నోట వినవలసినవే. బిడ్డను అప్పగించే రోజున సంతకాలతో పాటు ఆమెతో ఒక గంట మాట్లాడే ఏర్పాటు ఉంటే, ఆ తరువాత ఆసుపత్రుల చుట్టూ తిరిగే శ్రమ సగం తగ్గుతుంది. టీకాల కార్డు లేని బిడ్డకు టీకాలు పడలేదనే భావించి వైద్యుని సలహాతో తిరిగి వేయించవలె.

బిడ్డ ఇంటికి చేరిన తేదీ నుండి రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి పరామర్శ నివేదిక సమర్పించాలని దత్తత నిబంధనలు చెబుతున్నవి. బిడ్డ విషయంలో అనుమానం ఉన్న ఇంటికి ఆరు నెలలు చాలా దూరం. మొదటి మూడు నెలలలో సామాజిక కార్యకర్త నెలకొకసారైనా తలుపు తట్టడాన్ని ఏ నిబంధనా అడ్డుకోదు. కుదురుబాటు సమస్యలు ఎదురైన కుటుంబాలకు కౌన్సెలింగ్ ఏర్పాటు చేయుట సంస్థల బాధ్యత. కుటుంబం ముందుగా ఆ సహాయం కోరినందువలన వారి అర్హతకు భంగం రాదన్న మాట మొదటి రోజే స్పష్టంగా చెప్పవలె. అలా చెప్పని చోటనే, ఎక్కడ తప్పు పడతారోనని దంపతులు మౌనంగా ఉండి, చివరకు బిడ్డను వెనక్కు తీసుకురావడానికి సిద్ధపడతారు. ఒకసారి తిరిగి వచ్చిన బిడ్డ అప్పటికే రెండు ఇళ్లను పోగొట్టుకున్నవాడు. మూడో ఇంట అతని తీరు మరింత కఠినంగా ఉండుట సహజం.

అమ్మమ్మల వద్ద, పిన్నమ్మల వద్ద పెరుగుతున్న బిడ్డలు ఈ నిబంధనల పరిధిలోకి రారు. వారి గురించి ఎవరూ నివేదిక కోరరు. తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల ఇంట ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 ఆర్థిక సహాయం లభించే అవకాశం ఉన్నది. వార్షికాదాయం గ్రామాలలో రూ.72,000, ఇతర ప్రాంతాలలో రూ.96,000 మించరాదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయవచ్చు.

పాత్రికేయులకు మనవి

బిడ్డను తిరిగి అప్పగించిన ఉదంతాలు వార్తలుగా వస్తున్నప్పుడు బిడ్డ పేరు, ఫోటో, చిరునామా, ఉంటున్న సంస్థ వంటి గుర్తింపు వివరాలు ప్రచురించుట బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బిడ్డ ఆరోగ్య పరిస్థితిని జిల్లా పేరుతో సహా వివరంగా రాసినా చిన్న ఊళ్లలో ఆ బిడ్డ ఎవరో తెలిసిపోతుందన్నది గమనించవలె. నిరాదరణకు గురైన పసిబిడ్డ ఎక్కడ కనిపించినా ఉచిత ఫోన్ నంబరు 1098కు ఏ వేళనైనా తెలుపవచ్చు.