అమెరికా ప్రభుత్వాంగములు: ఒక వ్యాజ్యపు కథ

జూబ్లీహిల్స్, ఫిలింనగరు ప్రాంతములలో బిడ్డలు అమెరికాలో నున్న కుటుంబములు అనేకము గలవు. ఆ యిండ్లలో ‘హెచ్-4’ అను మాట తరచు వినబడును. హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయువారి భార్యకు గాని, భర్తకు గాని ఇచ్చు వీసా అది. ఇంజనీరింగు చదివి వెళ్లిన కోడలు అక్కడ ఉద్యోగము చేయవచ్చునా, కూడదా? ఈ ప్రశ్న పది సంవత్సరములకు పైగా ఆ దేశపు న్యాయస్థానములలో నలిగినది. ఆ వ్యాజ్యము వెంట నడచినచో అమెరికా ప్రభుత్వ యంత్రము తీరు సులభముగా బోధపడును.

ముందు మనకు తెలిసిన సంగతి చూతము. ఫిలింనగరులో తయారైన చిత్రమునకు సర్టిఫికెట్ కావలెను. అందుకు ఆధారమైన సినిమాటోగ్రాఫ్ చట్టమును 1952లో పార్లమెంటు చేసినది. సర్టిఫికెట్ నిచ్చునది కేంద్రప్రభుత్వము నియమించిన బోర్డు. బోర్డు నిర్ణయము అన్యాయమని తోచిన నిర్మాత హైకోర్టు నాశ్రయించును. చట్టము చేయువారొకరు, అమలు జరుపువారొకరు, ఆ అమలు సక్రమమా యని తేల్చువారు వేరొకరు. అమెరికాలో ఈ విభజన మరింత కఠినము. అక్కడ అధ్యక్షుడు గాని, ఆయన మంత్రులు గాని శాసనసభయైన కాంగ్రెసులో సభ్యులు కారు.

వలసలను గూర్చిన ప్రధాన చట్టమును అమెరికా కాంగ్రెసు చేసినదియు 1952లోనే. హెచ్-4 వారు ఉద్యోగము చేయవచ్చునని చట్టము స్పష్టముగా చెప్పలేదు. గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశమువారికిని సాధారణముగా ఏటా నూటికి ఏడు వంతులకు మించి ఇయ్యరాదను నియమము వలన మనవారి నిరీక్షణ ఏండ్ల తరబడి సాగుచున్నది. 2015లో ఒబామా ప్రభుత్వమున హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఒక నిబంధన చేసి, గ్రీన్‌కార్డు మార్గమున కొంత దూరము సాగిన ఉద్యోగుల భార్యాభర్తలకు పని అనుమతి నొసగినది.

వెంటనే కాలిఫోర్నియాలో ఉద్యోగములు కోల్పోయిన కొందరు ‘సేవ్ జాబ్స్ యు.ఎస్.ఎ.’ అను సంఘముగా ఏర్పడి వాషింగ్టన్‌లోని ఫెడరల్ డిస్ట్రిక్టు కోర్టులో దావా వేసిరి. కాంగ్రెసు ఇయ్యని అధికారమును శాఖ తానే తీసికొన్నదని వారి వాదము.

మన దేశమున న్యాయస్థానములన్నియు ఒకే నిచ్చెన మెట్లు. అమెరికాలో రాష్ట్రముల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. ఫెడరల్ నిచ్చెనలో 94 డిస్ట్రిక్టు కోర్టులు, వాటిపై 13 అప్పీలు కోర్టులు, అన్నిటిపైన సుప్రీంకోర్టు ఉన్నవి. ఈ న్యాయమూర్తులను అధ్యక్షుడు సెనేటు సమ్మతితో నియమించును. సత్ప్రవర్తన కలిగినంతకాలము వారిని కదలించుటకు వీలులేదు.

2016లో డిస్ట్రిక్టు కోర్టు, వాదులు తమకు కలుగు నష్టమును నిరూపింపలేదని దావాను త్రోసివేసినది. మన రాష్ట్రపతి 143వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు సలహా కోరవచ్చును. అమెరికా ఫెడరల్ కోర్టులు సలహాలీయవు. నష్టపోయినవాడు వచ్చి నిలిచిననే తగవు తీర్చును. 2019లో అప్పీలు కోర్టు, ఉద్యోగములకై పోటీ పెరుగుటయు నష్టమేయని వ్యాజ్యమును తిరిగి క్రిందికి పంపినది. 2023లో డిస్ట్రిక్టు కోర్టు, 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు, నిబంధన చట్టబద్ధమేనని తీర్పు చెప్పినవి.

మిగిలినది సుప్రీంకోర్టు. అచట తొమ్మండుగురు న్యాయమూర్తులలో నలుగురైనను అంగీకరించిననే విచారణ జరుగును. వేలకొలది అర్జీలలో వారు విచారించునవి నూరు కూడ నుండవు. 2025 అక్టోబరు 14న ఈ అర్జీని తిరస్కరించిరి.

ఈ తిరస్కారమును ఆమోదముగా భావింపరాదు. క్రింది తీర్పు నిలిచినదని మాత్రమే దాని యర్థము. నిబంధనను చేసిన శాఖ దానిని మార్పను వచ్చును. 2017లో ట్రంపు ప్రభుత్వము దీనిని రద్దుచేయ సంకల్పించినది. ఆ ప్రతిపాదన 2021లో ఉపసంహరింపబడినది. సుప్రీంకోర్టు తిరస్కారమునకు పదునారు దినముల పిమ్మట, 2025 అక్టోబరు 30న, అనుమతి పత్రములు తమంత తాము పొడిగింపబడు సౌకర్యమును అదే శాఖ తొలగించినది. నాటి నుండి కొత్త పత్రము కొరకు అర్జీ పెట్టినవారు, అది చేతికి రాకమునుపే పాతదాని గడువు తీరినచో, పని మానుకొనవలసినదే.

కోర్టులో గెలిచిన హక్కునకు ఇంత భయమేల? అది చట్టము మీద గాక నిబంధన మీద నిలిచియుండుట వలన. కాంగ్రెసు చట్టము చేసిననే దానికి గట్టి పునాది యేర్పడును.

కావున అమెరికా కోర్టు వార్త విన్నప్పుడు శ్రోతలు రెండు ప్రశ్నలు వేసికొనవలెనని మేము మనవి చేయుచున్నాము. తీర్పు చెప్పినది ఏ మెట్టుపైనున్న కోర్టు? ఆ హక్కునకు ఆధారము చట్టమా, నిబంధనయా? ఈ రెండును తెలిసినచో, దూరముననున్న కోడలితో మాటలాడునపుడు ఆమెకు అనవసరపు భయమును కలిగింపము, లేని ధైర్యమును చెప్పము.