సెల్‌ఫోన్ తెరపై క్యాన్సర్ కణం
దూరం తగ్గించే పరీక్ష.. పరిమితులు తెలుసుకుంటేనే మేలు

కర్నూలు, కడప: బుగ్గ లోపల తెల్లమచ్చ ఏర్పడుతుంది. నొప్పి ఉండదు కనుక గుట్కా, ఖైనీ, బీడీ అలవాటున్నవారు దానిని పట్టించుకోరు. అది పుండుగా మారి, నోరు తెరవడం కష్టమయ్యాకగానీ ఆసుపత్రికి బయలుదేరరు. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. బద్వేలు పల్లెల వారు కడపకు రావాలి. పరీక్షకు ఒక రోజు, ఫలితానికి మరో రోజు తిరగాలంటే కూలి పోతుంది, బస్సు ఛార్జీలు మీదపడతాయి. ఈ దూరాన్ని తగ్గించేందుకు స్మార్ట్‌ఫోన్, ట్యాబ్లెట్ అక్కరకు వస్తాయని పరిశోధకులు నిరూపిస్తున్నారు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.43 లక్షల మందికి కొత్తగా నోటి క్యాన్సర్ సోకింది. దాదాపు 80 వేల మంది మరణించారు. తొలిదశలో గుర్తిస్తే చికిత్స సులువు. ఆలస్యమయ్యే కొద్దీ దవడ, నాలుక తొలగించాల్సిన పరిస్థితి ఎదురవుతుంది.

కణాన్ని ఎలా చదువుతారు?

అనుమానం ఉన్న మచ్చపై చిన్న బ్రష్షును గట్టిగా తిప్పితే పైపొర కణాలు దానికి అంటుకుంటాయి. వాటిని గాజు స్లైడుపై పలుచగా పూసి, ఆరిపోకముందే ఆల్కహాలులో ఉంచుతారు. తర్వాత రంగు వేసి మైక్రోస్కోపు కింద పరిశీలిస్తారు. ఆరోగ్యకరమైన కణంలో కేంద్రకం చిన్నదిగా, గుండ్రంగా ఉంటుంది. క్యాన్సర్ కణంలో అది పెద్దదై, ముదురు రంగు పట్టి, అంచులు వంకరలు తిరిగి ఉంటుంది. ఈ తేడా పసిగట్టడమే పాథాలజిస్టు పని. అటువంటి నిపుణులు పట్టణాల్లోని పెద్ద ఆసుపత్రులకే పరిమితం.

ఇక్కడే ఫోన్ ప్రవేశిస్తుంది. మైక్రోస్కోపు కటకానికి కెమెరాను అనుసంధానిస్తే పెద్దదై కనిపించే కణం చిత్రంగా నమోదవుతుంది. స్లైడు గ్రామంలోనే ఉన్నా, చిత్రం ఇంటర్నెట్ ద్వారా క్షణాల్లో నిపుణుడి ముందుకు చేరుతుంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘సెల్‌స్కోప్’ పేరిట ఇటువంటి పరికరాన్ని రూపొందించి, దానితో మలేరియా పరాన్నజీవిని, క్షయ క్రిములను చిత్రీకరించగలిగినట్లు 2009లో ప్రకటించారు.

బెంగళూరులో ప్రయోగం

రాయలసీమ రోగులు ఎందరో ఆశ్రయించే బెంగళూరులోనే నోటి క్యాన్సర్‌పై ఈ పద్ధతిని పరీక్షించారు. అక్కడి పరిశోధకులు ట్యాబ్లెట్ అమర్చిన సెల్‌స్కోప్‌తో 82 మంది కణ నమూనాలను పరిశీలించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. చిత్రాలు చూసి దూరం నుంచి నిపుణులు ఇచ్చిన అభిప్రాయం మామూలు మైక్రోస్కోపు పరీక్షకు దీటుగా నిలిచింది. కణాల రూపురేఖలను విశ్లేషించే కంప్యూటర్ విధానాన్ని జోడించినప్పుడు క్యాన్సర్ పుండ్లను 93 శాతం వరకు గుర్తించగలిగారు. క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఎక్కువగా ఉన్న మచ్చల విషయంలో మాత్రం ఇది 73 శాతమే.

ఈ రెండో అంకెను విస్మరించరాదు. ప్రమాదకరమైన మచ్చలున్న నలుగురిలో దాదాపు ఒకరిని ఈ పరీక్ష గుర్తించలేకపోయిందని దాని అర్థం. చికిత్స అత్యంత సులువుగా ఉండే దశ కూడా అదే. కనుక ఫోన్ చిత్రం ఎవరిని ముందుగా పెద్దాసుపత్రికి పంపాలో చెప్పగలదు. క్యాన్సర్‌ను నిర్ధారించేది మాత్రం ముక్క పరీక్షే.

అసలు కీలకం స్లైడే

దూరవైద్యం సీమకు కొత్తకాదు. చిత్తూరు జిల్లా అరగొండలోని టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. నేడు ఫోన్లు, నెట్‌వర్క్ పల్లెపల్లెకూ చేరాయి. అయినా బ్రష్షు సరిగా తిప్పకపోతే కణాలు చాలవు. పూత మందమైతే కణాలు ఒకదానిపై ఒకటి పడి కనిపించవు. ఆల్కహాలులో ఉంచేలోపే ఆరిపోతే రూపం చెడుతుంది. చెడిన స్లైడును ఎంత ఖరీదైన ఫోన్ కూడా బాగుచేయలేదు. కాబట్టి ల్యాబ్ టెక్నీషియన్లకు శిక్షణ పరికరంతో సమానమైన అవసరం. చిత్రాలకు పేర్లు తారుమారు కాకుండా, రోగి వివరాలు బయటకు పొక్కకుండా జాగ్రత్త వహించాలి.

ప్రజలు గమనించాల్సినవి

* ఇంట్లో ఫోన్‌తో నోటిని ఫొటో తీస్తే అది కణ పరీక్ష కాదు. ఫొటో చూసి తెలిసినవారు చెప్పే మాటతో ధైర్యపడి ఊరుకోరాదు.

* రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, మెడలో గడ్డ, మింగడంలో ఇబ్బంది ఉంటే వెంటనే వైద్యుడికి చూపించాలి.

* 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ముందస్తు పరీక్షలు జాతీయ కార్యక్రమంలో భాగం. ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవచ్చు.

* అనుమానం ఉందని తేలితే కర్నూలు సర్వజన వైద్యశాలకుగానీ, కడప రిమ్స్‌కుగానీ వెళ్లి ముక్క పరీక్ష చేయించుకోవాలి. అనుమానం లేదన్నా మచ్చ తగ్గకుంటే మళ్లీ చూపించుకోవాలి.

చిత్రం క్షణాల్లో పట్నం చేరినా, రోగి నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోతే ఫలితం శూన్యం. ఫలితం వచ్చిన రోజే రోగిని పిలిపించి, ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని కలవాలో చెప్పి పంపే ఏర్పాటు ఉన్నప్పుడే ఈ పరికరం ప్రాణాలు నిలబెడుతుంది.