మానవరహిత ఎఫ్.ఎం. ప్రసారిణిలో లోప హెచ్చరికల అమరిక: పల్నాటి పరిస్థితుల దృష్ట్యా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. అటువంటి పెద్ద కేంద్రాలలో ప్రసారిణిని కనిపెట్టి ఉండటానికి ఇంజనీర్లు ఉంటారు. 2023 ఏప్రిల్ 28న దేశవ్యాప్తంగా ఒకేసారి 91 ఎఫ్.ఎం. ప్రసారిణులు ప్రారంభమయ్యాయి; వాటి సామర్థ్యం 100 వాట్లు. ఇంత చిన్న ప్రసారిణి వద్ద రేయింబవళ్లు మనిషిని ఉంచడం కష్టం. కనుక లోపాన్ని యంత్రమే గుర్తించి దూరంలోని ఇంజనీరుకు తెలపాలి.

మాచర్ల వద్ద ఇటువంటి ప్రసారిణి ఒకటి ఉండి, దాని బాధ్యత నరసరావుపేటలోని ఇంజనీరుదని అనుకుందాం. రెండు ఊళ్ల మధ్య సరళరేఖలోనే సుమారు 70 కిలోమీటర్ల దూరం ఉంది. తప్పుడు హెచ్చరిక వస్తే ఒక పూట ప్రయాణం వృథా. రావలసిన హెచ్చరిక రాకపోతే శ్రోతలకు ప్రసారం అందదు. ఈ రెండింటి నడుమ హద్దును నిర్ణయించడమే అమరికలోని అసలు సమస్య.

2. ఉష్ణోగ్రత

పల్నాటిలోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటిగా పేరుపొందింది. యాంప్లిఫయర్ గది ఉష్ణోగ్రత కంటే 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుంటే, 45 డిగ్రీల గదిలో అది 70కి చేరుతుంది. హద్దును 65 వద్ద ఉంచితే వేసవిలో ప్రతి మధ్యాహ్నం హెచ్చరిక మోగుతుంది. అదే యంత్రం 20 డిగ్రీల చలికాలపు ఉదయాన 60కి చేరితే హెచ్చరిక రాదు. కాని అప్పటి తేడా 40 డిగ్రీలు. ఫ్యాను ఆగిందనో, జల్లెడ దుమ్ముతో పూడిందనో దాని అర్థం. అందువల్ల హెచ్చరికను ఈ తేడాపై ఆధారపరచాలి. ప్రసారిణిని ఆపివేసే హద్దును మాత్రం తయారీదారు చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత వద్దనే ఉంచాలి.

3. తిరుగు శక్తి

యాంటెన్నాకు వెళ్లిన శక్తిలో కొంత వెనుకకు వస్తుంది. 100 వాట్లలో 4 వాట్లు తిరిగివస్తే స్థిర తరంగ నిష్పత్తి 1.5, సుమారు 11 వాట్లు వస్తే 2. మొదటిదాని వద్ద హెచ్చరిక, రెండవదాని వద్ద శక్తి తగ్గింపు అమర్చవచ్చు. కేబులు జాయింట్లలోకి నీరు చేరితే ఈ అంకె క్రమంగా పెరుగుతుంది. కనుక హెచ్చరికతోపాటు రోజువారీ నమోదు కూడా అవసరం.

4. నిశ్శబ్దం, విద్యుత్ కోత

శబ్దం ఆగిన వెంటనే హెచ్చరిక పంపితే, ప్రసంగంలోని విరామం సైతం లోపమే అవుతుంది. 30 సెకన్ల వంటి వ్యవధి ఉంచితే ఈ చిక్కు తీరుతుంది. కరెంటు పోయినప్పుడు శక్తి, శబ్దం, ఫ్యాను హెచ్చరికలన్నీ ఒక్కసారిగా వస్తాయి. మూలకారణాన్ని మాత్రమే పంపి, దాని పర్యవసానాలను అణచివేయాలి. సందేశం పంపే మోడెముకు విడిగా బ్యాటరీ ఉండాలి.

5. ముగింపు

హెచ్చరిక రాకపోవడం క్షేమానికి రుజువు కాదు. సందేశమార్గమే తెగి ఉండవచ్చు. ప్రసారిణి నిర్ణీత వేళల్లో క్షేమ సందేశం పంపాలి. అది అందకపోవడమే హెచ్చరికగా పరిగణించాలి. అమరిక పూర్తయ్యాక ఫ్యానును, శబ్దాన్ని, విద్యుత్తును ఒక్కొక్కటిగా ఆపి, ప్రతి సందేశమూ చేరుతున్నదో లేదో పరీక్షించాలి. వేసవిలోనూ వర్షాకాలంలోనూ ఆ హద్దులను పునఃపరిశీలించాలి. అవసరమైనప్పుడే మోగే హెచ్చరికను ఇంజనీరు నమ్ముతాడు. నమ్మిన హెచ్చరికకే కదులుతాడు.