బ్రిక్స్ ఒక్కటే చాలదు

చెరకు పక్వానికి వచ్చిందో లేదో తేల్చడానికి చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు ఎంతో వీలుగా ఉంటుంది. గడ నుంచి తీసిన రసం చుక్కను పట్టకం మీద వేసి, మూత దించి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు రంగుల మధ్య గీత కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె మీద నిలిస్తే అదే బ్రిక్స్. వంద గ్రాముల ద్రావణంలో ఇరవై గ్రాముల చక్కెర ఉంటే 20 బ్రిక్స్ అన్నమాట. చక్కెర కరిగేకొద్దీ ద్రావణం కాంతిని ఎక్కువగా వంచుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి వక్రీభవన గుణకం 1.333 అయితే, బరువులో సగం చక్కెర ఉన్న ద్రావణానిది 1.420. పరికరం చదివేది ఈ తేడానే. ఇంత తేలిగ్గా దొరుకుతుంది కాబట్టే బ్రిక్స్‌ను చక్కెర శాతం అనేసుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

కాంతిని వంచేది సుక్రోజ్ ఒక్కటే కాదు. రసంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్, లవణాలు కూడా వంచుతాయి. అందుకే సుక్రోజ్‌ను పట్టుకోవడానికి మిల్లులు మరో గుణాన్ని ఆశ్రయిస్తాయి. ఒకే తలంలో కంపించే కాంతిని చక్కెర ద్రావణం కుడివైపు తిప్పుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బియో 1815లో గమనించాడు. 100 మిల్లీలీటర్ల ద్రావణంలో 26 గ్రాముల స్వచ్ఛమైన సుక్రోజ్ ఉంటే, 200 మిల్లీమీటర్ల గొట్టంలో పోలారిమీటరు చక్కెర స్కేలు 100 చూపుతుంది. ఇలా వచ్చే కొలతే పోల్. రసం బ్రిక్స్ 20, పోల్ 17 అనుకుంటే ప్యూరిటీ, అంటే బ్రిక్స్‌లో పోల్ వాటా, 85 శాతం. మిగిలిన మూడు పాళ్లు పంచదార కాకపోగా, కొంత సుక్రోజ్‌ను కూడా స్ఫటికం కట్టనివ్వకుండా మడ్డిలోకి లాక్కుపోతాయి.

ఈ తేడా బాగా తెలిసేది కొట్టిన చెరకు ఆడకుండా రోజుల తరబడి ఉండిపోయినప్పుడు. ఎండకు గడలో నీరు ఇగిరి రసం చిక్కబడుతుంది. మరోపక్క సుక్రోజ్ నీటి అణువును కలుపుకుని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. 342 గ్రాముల సుక్రోజ్ విరిగితే 360 గ్రాముల చిన్న చక్కెరలు వస్తాయి, అంటే కరిగిన పదార్థం బరువు పెరుగుతుంది. పైగా ఆ మిశ్రమం కాంతిని ఎడమవైపు తిప్పుతుంది కాబట్టి పోల్ పడిపోతుంది. చెరకు పాడవుతున్నా బ్రిక్స్ పెరిగి మురిపించవచ్చు.

అలాగని రైతుకు బ్రిక్స్ పనికిరాదా? తప్పకుండా పనికొస్తుంది. గడ మొదలు, చివర బ్రిక్స్ దాదాపు సమానమైతే తోట కోతకు వచ్చిందని చెప్పవచ్చు. పక్వాన్ని పోల్చడానికి అది చాలు, విలువ కట్టడానికి చాలదు. మరి పోల్ మాత్రం పొరబడదా అంటే, అదీ పొరబడుతుంది. నిల్వ చెరకులో బాక్టీరియా తయారుచేసే డెక్స్‌ట్రాన్ కాంతిని గట్టిగా కుడివైపు తిప్పి, లేని సుక్రోజ్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి అనుమానం వచ్చిన చోట క్రోమటోగ్రఫీ వంటి పరీక్ష కావాలి. అంతమాత్రాన పోల్‌ను పక్కన పెట్టనక్కర్లేదు. ఒక కొలత దాచిన లోపాన్ని రెండోది బయటపెడుతుంది. ఇక ధర విషయానికి వస్తే, మన దేశంలో కేంద్రం ప్రకటించే చెరకు ధర మిల్లు రికవరీతో, అంటే ఆడిన చెరకు బరువులో ఎంత శాతం పంచదార దక్కిందన్న లెక్కతో, ముడిపడి ఉంది. 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీని నిర్ణయించేది స్ఫటికం కట్టే సుక్రోజే. అందువల్ల బ్రిక్స్ బాగున్నా రికవరీ ఎందుకు తగ్గిందని అడిగే రైతు, పోల్ ఎంత, కోసిన ఎన్నాళ్లకు ఆడారు అన్న రెండు ప్రశ్నలు కూడా అడగాలి.