రాష్ట్రపతుల విదేశయాత్రలు

బంధువుల యింట శుభకార్యమునకు గాని, పరామర్శకు గాని ఇంటిపెద్ద పోయినపుడు, పోయినది ఒక్కరే యైనను ఇల్లంతయు పోయినట్లే లెక్క. అక్కడ వారికి జరిగిన మర్యాద మనకందఱకు జరిగినట్లే. వారాడిన మాట మన యింటి మాటయే. ఈ సంగతి గృహిణులకు వేఱొకరు చెప్పవలసిన పని లేదు. దేశాధ్యక్షులు పరదేశములకు పోవుటయు నిట్టిదే. ఐనను రాష్ట్రపతి విమానము దిగుచున్న చిత్రమును పత్రికలో చూచి, "పెద్దవారు దేశములు చూడబోయిరి" అని కాగితము మడిచి పెట్టువారే మనలో నెక్కువ. ఆ యాత్ర లెందుకు జరుగునో, వానివలన బాపట్ల జిల్లాలో మా పిట్టలవానిపాలెము వంటి యూరి యిల్లాలికి ఒరుగునదేమో సోదరీమణులతో కలిసి విచారింప దలచితిమి.

మొదట తెలిసికొనవలసిన దొకటి గలదు. రాష్ట్రపతి తన యిష్టము చొప్పున పయనము కట్టుటకు వీలులేదు. రాజ్యాంగము ననుసరించి వారు మంత్రివర్గపు సలహా మేరకు నడచుకొనవలయును. ఏ దేశమునకు, ఎప్పుడు, ఏ కార్యముమీద పోవలెనో ప్రభుత్వమే నిర్ణయించును. ఒప్పందములలోని లాభనష్టములను తర్కించువారు ప్రధానమంత్రియు, ఇతర మంత్రులును. చెలిమిని నిలుపుట, మర్యాదకు మర్యాద చెల్లించుట రాష్ట్రపతి వంతు. పెద్దవారు ఊర లేనపుడు ఇల్లు కనిపెట్టు వారుండవలెను గదా! అందులకు రాజ్యాంగములోని 65వ అధికరణము ఉపరాష్ట్రపతిని నియమించినది. 1960 జూన్ నెలలో రాజేంద్రప్రసాదుగారు పదునైదు దినములు సోవియట్ దేశమునకు పోయినపుడు, ఉపరాష్ట్రపతియైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ భారమును వహించిరి.

ఆ రాధాకృష్ణన్‌గారే 1962లో రాష్ట్రపతి యైరి. తెలుగు కుటుంబములనుండి ఆ పీఠ మెక్కిన మువ్వురిలో వారు మొదటివారు. తరువాత 1969లో వరాహగిరి వేంకటగిరిగారు, 1977లో నీలం సంజీవరెడ్డిగారు ఎక్కిరి.

రాధాకృష్ణన్‌గారు 1963 జూన్ మాసములో అమెరికాకు పోయిరి. అంతకు ముందటి యేడు శరత్కాలములో చైనా సైన్యములు మన యుత్తరపు సరిహద్దులు దాటి వచ్చియుండెను. ఆ యాపదలో అమెరికా మనకు ఆయుధసాహాయ్యము చేసినది. కష్టకాలమున తోడు నిలిచినవారి గడప తొక్కి పలుకరించుట మన యిండ్లలో నున్న మర్యాదయే. నాడు వారిని ఎదుర్కొని ఆదరించిన కెనెడీ అధ్యక్షుడు ఆఱు మాసములు నిండకమునుపే, నవంబరు 22వ తేదీన, హంతకుని తుపాకికి బలియయ్యెను. పలుకరింపునకు ఆలస్యము పనికిరాదని మన పెద్దలనుట ఇందులకే కాబోలు!

అదే జూన్ మాసములో వారు లండను నగరమునకును పోయిరి. ఎలిజబెత్తు రాణి 1961లో మన దేశమునకు అతిథిగా వచ్చి పోయెను. ఆ రాకకు ఇది ప్రతిగమనము. భారత రాష్ట్రపతి బ్రిటను దేశమునకు రాజ్యాతిథిగా పోవుట అదియే ప్రథమము. ఇందులో నొక విశేషము గలదు. 1931లో, దేశము పరాధీనమై యుండగా, ఆ రాజకుటుంబమే రాధాకృష్ణన్‌గారికి "సర్" బిరుదము నిచ్చియుండెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట వారా బిరుదమును వాడుట మానుకొనిరి. ఒకనాడు ప్రభువుల చేతి బిరుదమందిన పండితుడు, పదియాఱేండ్ల స్వతంత్ర దేశమునకు పెద్దయై, ఆ రాణి సరసనే విందున కూర్చుండెను. ఆ గౌరవము ఒక్క రాధాకృష్ణన్‌గారిది కాదు; చెఱసాలలకు పోయినవారిదియు, రాట్నము త్రిప్పిన తల్లులదియు.

అదే యింట 1981 జూలై 29వ తేదీన పెండ్లి జరిగెను. యువరాజు చార్లెసు, డయానాల వివాహమునకు మన దేశము పక్షమున సంజీవరెడ్డిగారు హాజరైరి. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్తు రాణి కాలధర్మము నొందగా, పదవి చేపట్టి రెండు మాసములైనను కాని ద్రౌపదీ ముర్ముగారు అంత్యక్రియలకు లండను పోయిరి. విందునకు ఒకరు, పెండ్లికి ఒకరు, పరామర్శకు ఒకరు! మనుష్యులు మారిరి, వరుస మాత్రము తప్పలేదు.

పొరుగువారితో నైన మర్యాదయు నిట్టిదే. 1971 యుద్ధకాలమున బంగ్లాదేశమునుండి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశమున తలదాచుకొనిరి. ఆ దేశము స్వతంత్రమైన పిమ్మట, 1974లో, పదవీకాలము ముగియవచ్చుచుండగా, గిరిగారు ఢాకా నగరమునకు పోయివచ్చిరి.

అయినను ఖర్చుమాట తలపెట్టకుండుట మంచి గృహిణి లక్షణము కాదు. తొలి మహిళా రాష్ట్రపతియైన ప్రతిభా పాటిల్‌గారు పండ్రెండు యాత్రలలో ఇరువదిరెండు దేశములు తిరిగిరనియు, అందులకు 205 కోట్ల రూపాయలు వ్యయమైనదనియు సమాచారహక్కు చట్టము మూలమున 2012లో బయటపడినపుడు దేశమున పెద్ద విమర్శ చెలరేగినది. అందులో అధికభాగము ప్రత్యేక విమానమునకే చెల్లినది. ఆ ధనము మనందఱిది. మనము కట్టిన పన్నులును అందులో నున్నవి. కావున అడుగుట తప్పుగాదు. అయితే అడుగవలసినది "ఎంతైనది?" అని మాత్రమే గాక, "ఏమి సాధించుకొని వచ్చిరి?" అని కూడను.

సాధించిన దానికొక యుదాహరణము చూడుడు. ముర్ముగారు 2024 మార్చి 11వ తేదీ మొదలు 13 వఱకు మారిషస్ ద్వీపమున నుండి, 12వ తేదీ జాతీయదినోత్సవమునకు ముఖ్యాతిథి యైరి. పందొమ్మిదవ శతాబ్దమున చెఱకుతోటల కూలికి మన దేశమునుండి ఓడ లెక్కి ఆ ద్వీపమునకు పోయినవారిలో తెలుగువారును గలరు. కోరంగి రేవు పేరు వారికొక పేరై నిలిచినది. నేటికిని అచ్చట ఉగాది ప్రభుత్వ సెలవుదినము. భారత సంతతివారైన మారిషస్ పౌరులకు ఏడవతరము వఱకు ఓ.సి.ఐ. కార్డు పొందు నర్హత కల్పించినట్లు ముర్ముగారు ఆ యాత్రలో ప్రకటించిరి. ఆ కార్డు గలవారికి వోటుహక్కు రాదు. వ్యవసాయభూమి కొనుటకును వీలులేదు. కాని వీసా అవసరము లేకుండ జీవితకాలము మన దేశమునకు రాకపోకలు సాగించవచ్చును. ఏడుతరముల క్రిందట గడప దాటిన ఆడుబిడ్డ సంతతికి పుట్టినింటి తలుపు తెఱచి యుంచుట వంటిదే ఇది. మన పల్లెలనుండియు పిల్లలు పరదేశములకు పోవుచున్న యీ దినములలో, ఆ తలుపు విలువ తల్లులకు తెలియనిది కాదు.

కావున సోదరీమణులారా! ఇక మీదట రాష్ట్రపతి విమానము దిగుచున్న చిత్రము కంటబడినపుడు పత్రికను మడువక, ఎవరింటికి పోయిరి, ఏ కార్యముమీద పోయిరి, మన మాటగా ఏమి చెప్పిరి, తిరిగి ఏమి తెచ్చిరి అని చదివి తెలిసికొనుడు. ప్రక్కనున్న పిల్లలకును ఆ దేశమును పటములో చూపుడు. పొరుగూరు పోయివచ్చిన పెద్దలను కాళ్లు కడుగుకొన నిచ్చి, అక్కడి విశేషము లడుగుట మన యిండ్ల వాడుకయే గదా! ఢిల్లీకి మరలివచ్చిన వారిని అడుగుటయు మన వంతే.