చుక్క చెప్పే చిరునామా

నిరుడు పరీక్షల ముందు ఒక రాత్రి నా రూమ్మేటు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. ఫోనులో కారు పిలిచాను. పటం మీద చుక్క చూసుకుని డ్రైవరు వచ్చాడు. మా హాస్టలుకు కాదు, కిలోమీటరు దూరాన ఉన్న పాత హాస్టలుకు! అటూ ఇటూ ఫోన్లు చేసుకునేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. అపెండిసైటిస్‌కు ఆపరేషనై వాడు కోలుకున్నాడు గాని, చుక్క ఎందుకు తప్పిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. మా ఫిజిక్సు లెక్చరరుగారి వెంటపడితే విడమరిచి చెప్పారు.

చాలామంది అనుకున్నట్టు జి.పి.ఎస్. ఉపగ్రహం మనల్ని చూడదు. అసలు మనమున్నామనే దానికి తెలియదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తానెక్కడున్నదీ, టైమెంతైందీ చెబుతూ పోతుంది, అంతే. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోనే దూరం లెక్కగడుతుంది. సంకేతం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, గడియారం సెకనులో పదిలక్షలో వంతు తప్పినా 300 మీటర్ల తేడా! ఫోను గడియారం అంత నికరమైంది కాదు. అందుకే మూడు చాలవు, నాలుగు ఉపగ్రహాలు కావాలి. నాలుగోది గడియారాన్ని సరిదిద్దడానికన్నమాట.

కాని ఆ సంకేతం బహు బలహీనం. కాంక్రీటు కప్పు కింద సరిగా అందదు. అప్పుడు ఫోను ఇరుగుపొరుగును అడుగుతుంది. ప్రతి వై-ఫై పెట్టెకూ ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఫలానా సంఖ్య ఫలానా చోట వినబడిందని దారిన పోయే ఫోన్లు చెప్పగా చెప్పగా, పెద్ద కంపెనీలు జాబితాలు తయారుచేసుకున్నాయి. మన ఫోను తనకు వినబడే సంఖ్యలు పంపితే, జాబితా చూసి చోటు చెబుతారు. అదీ లేకపోతే సెల్ టవరే దిక్కు. పల్లెల్లో టవర్లు దూరదూరం కాబట్టి తప్పు కిలోమీటర్లలో ఉండొచ్చు. ఇక ఇంటర్నెట్ వాళ్లిచ్చే ఐ.పి. నంబరొక్కటే ఆధారమైతే, శ్రీకాకుళంలో కూర్చున్నవాణ్ణి హైదరాబాదులో ఉన్నావన్నా అనొచ్చు.

అప్పుడు మా సంగతి బోధపడింది. ఆ వేసవిలోనే పాత హాస్టలు వై-ఫై పెట్టెలు ఊడదీసి కొత్తదానిలో బిగించారు. పెట్టె మారింది, జాబితా మారలేదు! కొన్నాళ్లకు మా అందరి ఫోన్లూ కొత్త చోటు చెప్పగా దానంతటదే సరిపడింది.

కనుక మిత్రులారా, చుక్క సాక్ష్యం కాదు, అంచనా. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒకరు ఆరుబయటికి వచ్చి ఆకాశం కింద ఫోను చూడండి. దాంతోపాటు "వాటర్ ట్యాంకు ఎదురుగా, కొత్త హాస్టలు" అని నోటితో కూడా చెప్పండి. ఆ రాత్రి నేను ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, వాడికి ఇరవై నిమిషాల బాధ తప్పేది.